మా ముత్తాతకు బంగారు రంగు పూసిన వైనం

బెంగాల్ రేవుపేట ఖిదిర్‌పూర్‌లో ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఒక పెద్ద గోడౌన్‌లో పని మొత్తం ఆగిపోయింది. సమ్మె కాదు. తుఫాను కాదు. ఎక్కడా నిప్పు అంటుకోలేదు. ఒక యువకుడు తన కంప్యూటర్ తెర మీద అక్షరాలకు రంగులు మార్చుకున్నాడు, అంతే. దాని ఫలితంగా లారీలు నిలిచిపోయాయి, మూటలు నేల మీద పడ్డాయి, కావలివాడు తాళంచెవులతో సహా మాయమయ్యాడు, ఒక మేనేజరు చెవుల్లో వేళ్లు పెట్టుకుని బల్ల కిందకి దూరాడు. ఆ యువకుడు నేనే. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, మెడ ఇప్పటికన్నా గట్టిగా ఉండేది.

ముందే చెబుతున్నాను, ఇది క్షమాపణ కాదు. మా వంశంలో క్షమాపణలు రాసే అలవాటు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, కాకపోతే నిటారుగా కూర్చుని నవ్వండి.

మా వంశం ఏమిటో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. మా ముత్తాత పారినాయుడు మేస్త్రీ. శ్రీకాకుళం పక్క సముద్రపు ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చి ఓడలు ఆగే ఖిదిర్‌పూర్ డాకుల్లో పనికి పెట్టినవాడు. వాట్‌గంజ్‌లో ఆయనకు మేడ ఉండేది, మేడకు ఇనపకమ్మీల వరండా ఉండేది. ఆయన వరండాలో నిలబడితే కింద వీధిలో రిక్షావాళ్లు గంట కొట్టడానికి కూడా జంకేవారని మా నాన్న చెప్పేవాడు. ఆ మేడలో ఇప్పుడు మాకు మిగిలింది ఒకటిన్నర గది. అర గది అంటే ఏమిటని అడక్కండి. మిగతా అర గదిలో ఇంకొకరు ఉంటారు, మధ్యలో బీరువా ఉంటుంది. వరండా ఒక వానాకాలంలో కూలిపోయింది. వరండాలోకి తెరుచుకునే తలుపు మాత్రం ఉంది. దాన్ని తెరిచి అడుగు వేస్తే నేరుగా వీధిలో పడతాం కాబట్టి ఎప్పుడూ గడియ వేసి ఉంచుతాం. అయినా మేం దాన్ని వరండా తలుపు అనే అంటాం. ఎవరికైనా అభ్యంతరమా?

ముత్తాత కింద ముఠాలకు తలగుడ్డల రంగులు ఉండేవి. బరువులెత్తే వించి యంత్రం దగ్గర పనిచేసేవాళ్లకు ఎరుపు. మూటలు మోసేవాళ్లకు ఆకుపచ్చ. మూటలు లెక్కపెట్టేవాళ్లకు తెలుపు. బంగారు జరీ తలపాగా మేస్త్రీకి ఒక్కడికే. వరండాలోంచి చూస్తే ఎవరు ఎక్కడ ఏ పనిలో ఉన్నారో రంగును బట్టి తెలిసిపోయేది. ఆయన దగ్గర ఒక ఇత్తడి ఈల ఉండేది. పొట్టిగా ఊదితే రమ్మని. ఆపకుండా పొడుగ్గా ఊదితే, చేతిలో ఉన్నది ఉన్నచోట దించేసి బయటికి నడవమని. తాడు తెగేలా ఉన్నప్పుడు, క్రేను కింద మనుషులు ఉన్నప్పుడు ఆ ఈల చాలా ప్రాణాలు కాపాడిందట. ఎందుకని అడక్కూడదు, ఆగకూడదు, నడవాలి. అదీ చట్టం.

గోడ మీద ఆయన ఫొటో ఒకటుంది, చూరు దగ్గర, ఎత్తుగా. సాంబ్రాణి పొగకు అద్దం మసకబారింది. డాకులో క్రేను పక్కన నిలబడి తీయించుకున్నది. ఆ మేకు సరైంది కాదు, ఫ్రేము ఎప్పుడూ పక్కకి జారుతుంది. ప్రతి ఆదివారం స్టూలెక్కి ఫ్రేమును కాస్త తిప్పి, ముత్తాత నిటారుగా కనపడేలా సరిచేయడం చిన్నప్పటినుంచీ నా పని. అలా సరిచేశాక వెనకున్న క్రేను మాత్రం కొంచెం ఒరిగినట్టు కనిపిస్తుంది. తెల్లవాళ్ల పనితనం అంతే మరి.

ఇంత వంశం తరవాత మా నాన్న ఏం చేశాడంటే, ఒకరి కింద పనిచేయడం నచ్చక ఏడు ఉద్యోగాలు వదిలేశాడు. నేను రెండు వదిలాను. మూడోది ఖిదిర్‌పూర్ కూడలిలో మందుల దుకాణం పైన ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తామన్నారు. నచ్చకపోతే బడ్జ్ బడ్జ్‌లో ఒక జనపనార మిల్లు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే కొలువు నాకోసం మా పెదనాన్న కొడుకు చూసి పెట్టాడు. వాడు ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేవాడు. అందుకని ఈ ఉద్యోగం నిలబడాలి.

మా మామ్మ, అంటే ముత్తాత కోడలు, అప్పటికే ఫొటో పక్కన గోడకి రెండో మేకు కొట్టించేసింది.

"ఇదెందుకే మామ్మా?"

"నీ పర్మనెంటు కాయితం ఫ్రేము కట్టించి తగిలించడానికిరా. మీ నాయన బతికున్నన్నాళ్లూ ఒక్క కాయితం తేనేదు. వీధిలో అందరికీ సెప్పీసినాను."

"ఇంకా రాలేదుగా!"

"మేకు ఉంటే కాయితం అదే వొస్తాది."

ఆ ఖాళీ మేకు ఆరు నెలలు నన్ను చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా కూర్చుని అన్నం తినడం కూడా కష్టంగా ఉండేది.

ఇప్పుడు రంగుల సంగతి. ప్రోగ్రామ్ రాయడానికి మేం వాడేది ఎడిటర్. తెల్లకాగితం లాంటిదే, కాకపోతే కాస్త తెలివైన కాగితం. మీరు ఏ భాషలో ప్రోగ్రామ్ రాస్తే ఆ భాషకు తగ్గ మోడ్‌లోకి మారి, ఒక్కో రకం మాటకు ఒక్కో రంగు వేసి చూపిస్తుంది. ఆజ్ఞలకు ఒకటి, అంకెలకు ఒకటి, పనులు చేసిపెట్టే ఫంక్షన్లకు ఒకటి. ఇవి కాక కామెంట్లు ఉంటాయి. కామెంటంటే యంత్రం కోసం కాకుండా మనిషి కోసం రాసుకునే మాట. ముందు ఒక గుర్తు పెడితే చాలు, యంత్రం దాన్ని చదవకుండా దాటిపోతుంది. దీనికే ఇంకో వాడుక ఉంది. పనిచేసే వాక్యాల్ని కొన్నాళ్లు ఆపి ఉంచాలంటే పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు పెడతారు. మధ్యలో ఉన్నదంతా కామెంటు కింద లెక్క, యంత్రం దాటిపోతుంది. అందుకే ఎడిటర్లు కామెంట్లను బూడిదరంగులో, పక్కకి ఒరిగిన అక్షరాల్లో చూపిస్తాయి. ఇది నిద్రపోతోంది, లెక్కలోకి తీసుకోకు అని దాని అర్థం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏ కాగితం రాసినా మొదట 'పారినాయుడు మేస్త్రీ గారి ఆనతి' అని రాయాలి. పరీక్షల్లో అలాగే రాశాను. రేషన్ కార్డు దరఖాస్తు మీద రాశాను, దాన్ని రెండుసార్లు వెనక్కి పంపారు, మూడోసారీ రాశాను. ప్రోగ్రామ్ ఫైలు కూడా కాగితమే కదా! తెలుగులో రాస్తే యంత్రం ఉక్కిరిబిక్కిరవుతుంది కాబట్టి ముందు గుర్తు పెట్టి, కామెంటుగా మొదటి వరసలో రాశాను. రాసి తెర వైపు చూశాను. ఒళ్లు మండింది.

మా ముత్తాత పేరు బూడిదరంగులో ఉంది. పైగా ఒరిగి ఉంది!

మూడు ముఠాల మేస్త్రీ, చొక్కా లేకపోయినా ఫరవాలేదు, అలా తాగినవాడిలా పక్కకి వాలి, మసి పూసుకుని, చేతకానివాడిలా నా తెర మూల నిలబడితే చూస్తూ ఊరుకోవడానికి నేనేమన్నా బయటివాణ్ణా? ఆ మధ్యాహ్నం ఆఫీసు పని పక్కనపెట్టి ఎడిటర్ సెట్టింగుల ఫైలు తెరిచాను. ఆఫీసులో అందరూ ఒకే రంగుల పద్ధతి వాడాలని మా టీము పెద్ద మితాలిదీ, అంటే బెంగాలీలో మితాలి అక్క, ఒక మాట చెప్పి ఉంది. చెబితే చెప్పింది. ముత్తాత పద్ధతి వందేళ్ల పాతది, ఎవరిది ముందు?

ఆజ్ఞలకు ఎరుపు, వించి ముఠా. కొటేషన్ల మధ్య ఉండే మాటలకు ఆకుపచ్చ, మోతగాళ్లు. అంకెలకు తెలుపు, లెక్కగాళ్లు. పని చేయించే ఫంక్షన్లకు బంగారు రంగు, మేస్త్రీలు. కామెంట్లలో ముత్తాత పేరు ఉంది కాబట్టి వాటికీ బంగారు రంగే. దానికి తోడు అక్షరాలు మందంగా, నిటారుగా. ఒరగడం రద్దు. ఒక్క భాషకే పెడితే ఇంకో భాషలో ముత్తాత మళ్లీ ఒరిగిపోతాడని ఉన్న ప్రోగ్రామింగ్ మోడ్‌లన్నిటికీ, నేను జన్మలో ముట్టని భాషలతో సహా, అదే శాసనం చేశాను. ఎడిటర్ మూసి తెరిచాను. మొదటి వరసలో పారినాయుడు మేస్త్రీ గారు బంగారు రంగులో ధగధగా మెరుస్తూ, మేకులా నిలబడ్డారు. కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాను. పక్క బల్లవాళ్లు చూశారు. చూడనివ్వండి.

మితాలిదీ సంగతి చెప్పాలి. నలభై దాటిన మనిషి, బెహాలా నుంచి బస్సులో వచ్చేది. తలనొప్పి ఎప్పుడూ ఉండేది, గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉండేది. నేను చేరిన మొదటి నెలలో నా ప్రోగ్రామ్ తెరిచి అక్కడక్కడా సరిచేసింది. నేను వెళ్లి ఆమె బల్ల ముందు నిలబడ్డాను.

"నా పని మీరు మళ్లీ చూశారట?"

"అందరిదీ చూస్తాను, నాయుడూ. అది నా పని."

"అందరితో నాకు సంబంధం లేదు. నేను చూసింది ఇంకొకరు చూడక్కర్లేదు."

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసి, "ఠిక్ ఆఛే బాబా" అంది. సరే అని అర్థం. అంత సులువుగా గెలిచినందుకు ఆ రోజంతా ఛాతీ పొంగించుకుని తిరిగాను. ఆ గెలుపు ఎంత ఖరీదైనదో ఐదు నెలల తరవాత తెలిసింది.

అప్పుడు మేం చేస్తున్నది ఒక గోడౌన్‌కు పిలుపు బోర్డు. లారీలు బయట వరస కడతాయి. ఒకదాని వంతు రాగానే బోర్డు మీద బండి నంబరు వెలుగుతుంది, స్తంభం మీది లౌడ్‌స్పీకర్‌లో హారన్ మోగుతుంది. మోగేది రెండు సెకన్లు. డ్రైవర్లు నిద్రలో ఉంటే వినపడటం లేదని గోడౌన్ మేనేజరు ఫిర్యాదు చేశాడు. మితాలిదీ నన్ను పిలిచింది.

"హారన్ రెండు సెకన్లు ఉంది, మూడు చెయ్. అంతే. మంగళవారం అక్కడ చూపిస్తాం. అది బాగా జరిగితే నీ కాగితం మీద సంతకం పెట్టిస్తాను."

ఒక్క అంకె. రెండు తీసి మూడు. నా వంశానికీ, నా చదువుకీ ఇంత చిన్న పని చెప్పినందుకు లోపల కోపం వచ్చింది గానీ గోడ మీద మేకు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఫైలు తెరిచి హారన్ ఉన్న చోటికి వెళ్లాను. వెళ్లి ఆశ్చర్యపోయాను. ఆ భాగం మొత్తం బంగారు రంగులో ఉంది! ఒక్క ఎర్ర మాట లేదు, ఒక్క పచ్చ మాట లేదు. పైనుంచి కిందదాకా నలభై వరసలు మేస్త్రీలే. అంకె కూడా తెల్లగా లేదు, బంగారమే. బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగి, ఇదేమిటి అని పైకి జరిపి చూసేవాడు. నేను ఏమనుకున్నానో చెప్పమంటారా? నా రంగుల పద్ధతి ఎంత గొప్పదంటే, ముఖ్యమైన చోటును అదే పసిగట్టి మొత్తానికి జరీ తలపాగా చుట్టిందనుకున్నాను. లెక్కగాడికి మేస్త్రీగా పదోన్నతి వచ్చిందనుకున్నాను.

జరిగింది ఇది. ఆఫీసులో పరీక్షించినప్పుడల్లా హారన్ మోగి తల పగిలిపోతోందని, నేను భోజనానికి వెళ్లినప్పుడు మితాలిదీ పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు పెట్టి హారన్‌ను నిద్రపుచ్చింది. 'తాత్కాలికంగా ఆపాను, చూపించే రోజు తీసేస్తాను' అని పైన ఒక కామెంటు కూడా రాసింది. మిగతా అందరి తెరల మీద ఆ నలభై వరసలూ బూడిదరంగులో గురకపెట్టి నిద్రపోతున్నాయి. నా తెర మీద పట్టాభిషేకం జరుగుతోంది. ఆమె రాసిన కామెంటు నా కళ్లముందుకు రాలేదా? వచ్చింది. బంగారు వరస కనపడగానే ముత్తాత పేరేననుకుని భక్తిగా దాటిపోయాను.

రెండు తీసి మూడు పెట్టాను. నడిపాను. నా బల్ల మీది స్పీకరు కిక్కురుమనలేదు.

"కీ హొలో, నాయుడూ? ఏమైంది?" మితాలిదీ తన చోటినుంచే అడిగింది.

"ఏమీ కాలేదు."

"హారన్‌తో ఇబ్బంది లేదుగా?"

"నాకు ఇబ్బందా? హారన్‌తోనా?"

ఆమెకు తెలుసు కదా, హారన్ ఆపి ఉందని. నాకూ తెలుసనుకుంది. ప్రశాంతంగా తన పనిలో పడిపోయింది. పలకని స్పీకరు ముందు నాకు కలిగిన అవమానం ఇంతా అంతా కాదు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, నిజమే. కానీ మా వంశంలో దారి అడిగినవాడు లేడు. మా నాన్న ఒకసారి హౌరాకి వెళ్లబోయి ఎవరినీ అడగకుండా పూర్తిగా ఎదురు దిక్కున ఉన్న డైమండ్ హార్బర్‌లో తేలాడు. అక్కడ చేప బాగుంటుందని, కావాలనే వచ్చానని ఇంటికొచ్చి చెప్పాడు.

మూడు సెకన్లు మరీ పొట్టిగా ఉండి వినపడలేదేమో అనుకుని పది చేశాను. నిశ్శబ్దం. ముప్ఫై. నిశ్శబ్దం. స్పీకరు తీగ పీకి మళ్లీ పెట్టాను. గంగ మీది తేమను తిట్టాను. ప్రోగ్రామ్‌లో హారన్ వాల్యూము ఉన్నంతా పెంచాను. అరవై చేశాను. నూట ఎనభై చేశాను. యంత్రం నా ముఖం చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. నేనూ, అదీ, ఎవరు తగ్గుతామో చూద్దామని శుక్రవారం సాయంత్రం తొమ్మిది వందలు పెట్టాను. అంటే పదిహేను నిమిషాలు. అప్పుడూ ఉలుకూ పలుకూ లేదు.

తిరిగి మూడు పెట్టి ఉండవచ్చు కదా అంటారు మీరు. నిజమే. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది కూడా. కానీ తొమ్మిది వందల నుంచి మూడుకు దిగడమంటే పరాజయం. దిగడం మాకు రాదు. పైగా మోగని హారన్ ఎన్ని సెకన్లు మోగకపోతేనేం? గోడౌన్ దగ్గర మోగకపోతే అక్కడి తీగల తప్పని చెబుదామనుకుని, ఆ తొమ్మిది వందలతోనే ఫైలును అందరి ఫైళ్లలో కలిపేసి ఇంటికి పోయాను.

"అయిపోనాదా పని?" అంది మామ్మ.

"అయిపోయింది."

"ఫ్రేము కట్టేవోడికి సెప్పీనా మరి?"

"చెప్పెయ్" అన్నాను.

మంగళవారం. గోడౌన్ అంటే చిన్నదేమీ కాదు. లోపల వందమందికి పైగా మనుషులు, సగం మంది మనవాళ్లే, శ్రీకాకుళం మూలాల వాళ్లు. వాళ్లలో పెద్దవాడు అప్పలస్వామి తాత. డెబ్బై దాటినా పని మానలేదు. వాళ్ల నాన్న మా ముత్తాత కింద ఎర్ర తలగుడ్డ ముఠాలో ఉండేవాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మేస్త్రీ గారి మునిమనవడు! రాండి బాబూ. ఇదేటి, మీరు కూడా బేగ్ మోసుకొస్తన్నారేటి?"

"కంప్యూటర్ తాతా."

"బరువా?"

"బాధ్యత" అన్నాను. మితాలిదీ వెనక దగ్గింది. తెలుగు అర్థమైందో లేదో ఇప్పటికీ తెలియదు.

మా ప్రోగ్రామ్ నడిచే యంత్రాన్ని గోడౌన్ వాళ్లు దుమ్ము పడకుండా ఒక ఇనప బీరువాలో పెట్టారు. మితాలిదీ అక్కడ కూర్చుని ఒక నిమిషం ఏదో టకటకా కొట్టింది. ఆ నిమిషంలో ఆమె చేసింది, పైనా కిందా ఉన్న ఆ రెండు గుర్తులు తీసేయడం. నలభై వరసలు నిద్రలేచాయి. అంకె చూసిందా? చూడలేదు. నేను చూసింది ఇంకొకరు చూడక్కర్లేదని చెప్పినవాణ్ణి నేనే కదా! కావలివాడు బీరువాకు తాళం వేసి, చెవులు నడుముకి దోపుకుని తన స్టూలు దగ్గరికి పోయాడు.

మేనేజరు బాబు తన గదిలోంచి కిటికీ తెరిచి, "కానివ్వండి, కానివ్వండి" అన్నాడు. మొదటి లారీ నంబరు వెలిగింది.

నేను తీగల మీద నేరం మోపే వాక్యాన్ని నోట్లో సిద్ధం చేసుకుంటున్నాను.

హారన్ మోగింది.

మోగిందంటే అలాఇలా కాదు. వాల్యూము ఉన్నంతా పెంచింది నేనే కదా. కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. మూడు సెకన్లు. ఐదు. పది. మేనేజరు బాబు నవ్వుతూ బొటనవేలు చూపించాడు. పదిహేను. నవ్వు ఆగింది. ఇరవై. మితాలిదీ మెల్లగా నా వైపు తిరిగింది.

"నాయుడూ, ఎన్ని సెకన్లు పెట్టావు?"

"ఏమిటీ?"

"ఎన్ని! సెకన్లు!"

"కొంచెం ఎక్కువే!"

"ఎంత ఎక్కువ?"

చెప్పాను. ఆమె వినపడనట్టు మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. వినపడలేదనుకున్నాను గానీ రెండుసార్లూ వినపడిందని తరవాత తెలిసింది.

ఇంతలో గోడౌన్ లోపల ఒక విచిత్రం జరిగింది. హారన్ ఆపకుండా మోగుతుంటే అప్పలస్వామి తాత తల ఎత్తి విన్నాడు. అతని ముఖం మారిపోయింది. చేతులు రెండూ పైకెత్తి, హారన్‌ను మించిన గొంతుతో అరిచాడు.

"ఒరే! పొడుగు కూతరా! మేస్త్రీ కూత! ఎత్తింది దించీయండి, బయటికి నడండి! ఎందుకని అడక్కండి, నడండి!"

ముసలివాళ్లు వెంటనే మూటలు దించేశారు. వాళ్లను చూసి నడివయసువాళ్లు, వాళ్లను చూసి కుర్రవాళ్లు, వాళ్లను చూసి బిహారీలు, బెంగాలీలు. తోపులాట లేదు, కేక లేదు. వందేళ్ల కిందట ముత్తాత పెట్టిన చట్టం ఒక్క నిమిషంలో గోడౌన్‌ను ఖాళీ చేసింది. ఒప్పుకోండి, ఎంత క్రమశిక్షణ! అందరూ వెళ్లి గేటు బయట నిలబడ్డారు. వరసలో ఉన్న లారీ డ్రైవర్లు కూడా బళ్లు ఆపి దిగిపోయారు. రోడ్డు మీది బస్సు ఆగింది. టీ దుకాణంవాడు పొయ్యి ఆర్పాడు.

"బీరువా తాళం!" అని అరిచింది మితాలిదీ. "కావలివాడు ఏడి?"

కావలివాడు మనవాడే. సోంపేట పక్కవాడు. ఎత్తింది దించేసి, చట్టప్రకారం బయటికి నడిచాడు, నడుముకి తాళంచెవులతో సహా. గేటు బయట జనంలో వాణ్ణి వెతికి పట్టుకునేసరికి, "లోపలికి రావద్దు బాబూ, పొడుగు కూత ఆగనేదు" అని నన్నే వెనక్కి లాగాడు.

"ఇది మేస్త్రీ కూత కాదురా, హారన్!"

"మీ ముత్తాతదే కదండీ చట్టం! మీరే ఇలగంటే ఎలాగ?"

ఆ ఒక్క క్షణం, హారన్ మధ్యలో, గర్వంగా మెడ ఇంకాస్త ఎత్తాను కూడా. తాళం తెచ్చేసరికి పదకొండు నిమిషాలు గడిచాయి. బీరువా తెరిచి మితాలిదీ ఆపేసరికి మేనేజరు బాబు బల్ల కింద ఉన్నాడు. నిశ్శబ్దం అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

బల్ల కిందినుంచి మేనేజరు బాబు గొంతు వచ్చింది. "ఓడ మునిగిందా?"

"లేదు సార్" అన్నాను. "మూడు సెకన్లకు బదులు కాస్త పొడుగైంది."

ఆఫీసుకు రాగానే మితాలిదీ నేరుగా నా కుర్చీలో కూర్చుని నా ఎడిటర్ తెరిచింది. తెర వెలుతురుకి ఆమె ముఖం పసుపురంగు తిరిగింది.

"ఇదేంటి? పూజ పందిరా, పెళ్లివారిల్లా?"

"నా రంగుల పద్ధతి."

"కామెంటేది, పనిచేసే వాక్యమేది? తేడా ఎలా తెలుస్తుంది నీకు?"

అప్పుడు పైకి జరిపింది. గుర్తు కనపడింది. ఆమె రాసిన కామెంటు కనపడింది. నేను చూశాను. నాలుగు రోజులుగా నిద్రపోతున్నవాడి మీద నిలబడి గొంతు చించుకుని ఆజ్ఞలిచ్చానన్నమాట! వాడికి వినపడలేదని ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అరిచానన్నమాట. లేచాక ఒక్కసారిగా అన్నీ కలిపి పాటించాడు పాపం.

మితాలిదీ చాలాసేపు నవ్వింది. తలపట్టుకుని, కళ్లద్దాలు తీసి, టేబుల్ మీద వాలిపోయి నవ్వింది. నేను నిటారుగా నిలబడి ఉన్నాను. చివరకు కళ్లు తుడుచుకుని సొరుగులోంచి ఒక కవరు తీసింది.

"సంతకం నిన్ననే అయింది. మేనేజరు కూడా కోపంగా లేడు. ఏళ్ల తరబడి అగ్నిప్రమాదపు అభ్యాసమంటే ఒక్కడూ కదలడట, ఇవాళ నిమిషంలో ఖాళీ అయిందని ఆశ్చర్యపోతున్నాడు. ఆ పొడుగు హారన్ వేరే మీటకు పెట్టి ఇవ్వమన్నాడు. కానీ ఒక్క షరతు. కామెంట్లు ఆఫీసు రంగులోకి మార్చు. బూడిదరంగు, ఒరిగిన అక్షరాలు. మార్చి కవరు తీసుకో."

"మార్చను."

"నాయుడూ!"

"ఉద్యోగం వదిలేస్తాను గానీ మా ముత్తాతను ఒరగనివ్వను. బడ్జ్ బడ్జ్‌లో గేటు ఉంది నాకు."

కవరు అక్కడే వదిలి, మెడ ఎత్తుకుని, మెట్ల మీద తల పై దూలానికి కొట్టుకుని బయటపడ్డాను.

మామ్మకు జరిగిందంతా చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"ఒరగనివ్వవా? ఆ ఫొటో దించు."

"ఎందుకు?"

"దించమంటే దించరా. సెప్పినమాట యినవేటి?"

స్టూలెక్కి దించాను. ఆమె చీర చెంగు తడిపి అద్దం తుడిచి, ఫొటోను బల్ల మీద గోడకి ఆనించి సమంగా నిలబెట్టింది. అంత దగ్గరగా, అంత సమంగా నేనెప్పుడూ దాన్ని చూడలేదు. వెనకున్న క్రేను మేకులా నిటారుగా ఉంది. తెల్లవాళ్ల పనితనం బాగానే ఉంది. ఒరిగినవాడు మా ముత్తాత. కుడివైపుకి, కనపడేంతగా ఒరిగి ఉన్నాడు. తలపాగా కూడా జరీది కాదు, మామూలు గుడ్డ. నేను చిన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం ఫ్రేము వంకర తిప్పి ఆయన్ని నిటారు చేస్తూ వచ్చానన్నమాట.

"మేస్త్రీ అవకముందు ఇరవై ఏళ్లు ఒకే భుజం మీద మూటలు మోసినాడు మామయ్య" అంది మామ్మ. "అటేపు ఒరిగిపోనాడు. నాను కాపరానికొచ్చీసరికే అలాగే నడిసీవోడు. జనం మాటాడుకుంటే ఆయనే నవ్వీసీవోడు. బరువు మోసినోడు ఒరుగుతాడే, మోయనోడికేటి, గడకర్రలాగ ఉంటాడు అనీవోడు." నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "ఆయనేటి రంగులో ఉన్నాడు ఈ ఫొటోలో?"

చూశాను. బూడిదరంగు.

"మరి?" అని చాట తీసుకుని మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లి సెట్టింగుల ఫైలు తెరిచాను. కామెంట్లకు బూడిదరంగు పెట్టాను. ఒరిగిన అక్షరాలు పెట్టాను. మితాలిదీ నవ్వి కవరు చేతిలో పెట్టింది. ఆమె గెలిచాననుకుంటోంది. అనుకోనివ్వండి. ఆఫీసు పద్ధతికి తలవంచానని ఎవరైనా అంటే వాళ్లకు నా సమాధానం ఒక్కటే. నేను మార్చింది ఆఫీసు కోసం కాదు, ఫొటోలో ఉన్నది ఉన్నట్టు దించుకోవడం కోసం. ఆజ్ఞలు ఇప్పటికీ ఎరుపే. ఫంక్షన్లు ఇప్పటికీ జరీ తలపాగాలే. వాటి మీద ఆమెకు ఏ హక్కూ లేదు.

కాగితం రెండో మేకుకి ఎక్కింది. ముత్తాత పక్కనే, కాస్త ఒరిగి. ఆ మేకులో ఏదో ఉంది. నేను సరిచేయను.

ఇక ప్రతిజ్ఞ. పారినాయుడు మేస్త్రీ గారి ఆనతి మీద, ఇత్తడి ఈల సాక్షిగా, కూలిపోయిన వరండా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నిద్రపోతున్న వాక్యానికి ఇక జన్మలో తలపాగా చుట్టను. పలకని యంత్రం మీద పంతానికి పోయి అంకెలు పెంచను. తెలియంది అడుగుతాను, మితాలిదీని కూడా అడుగుతాను. ఈ ప్రతిజ్ఞను నా ప్రతి ప్రోగ్రామ్‌లో రెండో వరసలో రాసి పెట్టుకున్నాను. బూడిదరంగులో, ఒరిగిన అక్షరాల్లో, ముందు గుర్తు పెట్టి.

కామెంటు కాబట్టి యంత్రం దాన్ని చదవకుండా దాటిపోతుంది. నేనూ ఎక్కువగా అదే చేస్తున్నాను.